లిఫ్టులో నలుగురు హీరోలు

ఆ ఉదయం మాత్రలమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు దాటాక షాపులో రద్దీ తగ్గుతుంది. అప్పుడు కౌంటరు వెనకున్న ఎత్తు స్టూలు మీద కూర్చుని, టీ తాగుతూ, నవలలో తరవాతి అధ్యాయం పూర్తి చెయ్యాలి. ముందు రోజు హీరోయిన్‌ని నేలమాళిగలో వదిలేసి నిద్రపోవలసి వచ్చింది. పొద్దున్నే కూరలు తరుగుతున్నంతసేపూ ఆ పిల్ల ఏమైందోనన్న బెంగే.

మాత్రలమ్మ అన్న పేరు ఆ ఏడంతస్తుల భవనంలోని వాళ్లు పెట్టింది. కింది అంతస్తులో మందుల షాపు, పైనంతా రకరకాల డాక్టర్లు. షాపు నడిపేది ఆమె. చీటీ లేకుండా దగ్గుమందు కూడా ఇవ్వదు. గడువు తేదీ రెండుసార్లు చూసుకోనిదే డబ్బాను బల్ల దాటనివ్వదు. అంత జాగ్రత్త మనిషికి ఈ నవలల పిచ్చి ఎలా పట్టిందంటే, ఒక మందుల కంపెనీ ప్రతినిధి వల్ల. ఆవిడ శాంపిల్ మాత్రలతో పాటు ఒక పుస్తకం కూడా బల్ల మీద పెట్టి, "ఇది కూడా భోజనం తరవాతే" అని నవ్వి వెళ్లిపోయింది.

వాటిని డార్క్ రివర్స్ హేరెమ్ రొమాన్సులు అంటారట. హీరోయిన్ ఒక్కతే. హీరోలు మాత్రం ముగ్గురికి తగ్గరు. ఆ హీరోల్లో ఒక్కడూ సంసారపక్షం కాదు. ఈ పుస్తకంలో నలుగురు: ఒకడు ముఠా నాయకుడు, ఒకడు లైసెన్సు పోయిన డాక్టరు, ఒకడు కండలు తిరిగిన కిరాతకుడు, నాలుగోవాడు అసలు మాట్లాడడు. ఏ పుస్తకంలోనైనా మొదట్లో హీరోయిన్‌ని ఎత్తుకెళతారు, మధ్యలో ఏడిపిస్తారు, చివరికొచ్చేసరికి హీరోలంతా ఆమె కొంగు పట్టుకుని తిరుగుతారు. మొదటి పుస్తకం చదువుతూ మాత్రలమ్మ ముక్కు మీద వేలేసుకుంది. రెండోది చదువుతూ వేలు తీసేసింది. ఆ తరవాత ఆమెకు మిగిలింది ఒక్క ఆశ్చర్యం. నిజంగా ఎవడైనా ఇలాంటి పని చేస్తే తను వెంటనే పోలీసులకు పట్టిస్తుంది. మరి పుస్తకంలో ఎందుకు ఆత్రంగా పేజీ తిప్పుతోంది? ఎంత ఆలోచించినా తేలలేదు. తేలనందుకే మరో పుస్తకం తెచ్చుకునేది.

"ఏం చదువుతున్నావ్ అంత శ్రద్ధగా?" అని భర్త ఒకసారి అడిగాడు. నోటికొచ్చినట్టు, "మందుల పుస్తకం" అంది. ఆయన అక్కడితో ఆగితే బాగుండేది. లిఫ్టు మెకానిక్కు కాబట్టి ఊళ్లో ఎన్ని భవనాలున్నాయో అన్నింటికీ వెళతాడు. వెళ్లిన ప్రతిచోటా, "మా ఆవిడ ఈ వయసులో కూడా పై చదువు చదువుతోందండీ" అని గొప్పగా చెప్పుకొచ్చాడు. ఇక అబద్ధాన్ని వెనక్కి తీసుకునే దారి లేకపోయింది. దానికి తోడు, వాళ్ల చిన్నమ్మాయి తన స్కూలు పుస్తకాలకు అట్టలు వేస్తూ, మిగిలిన గోధుమరంగు కాగితంతో కనిపించిన ప్రతి పుస్తకానికీ వేసిపడేసింది. రహస్యానికి చక్కని ముసుగు దొరికిందని మాత్రలమ్మ సంతోషించింది.

ఆ సంతోషం ఆ రోజు టీ వచ్చేదాకా నిలిచింది. ఒక గుటక వేసి, పుస్తకం తెరిచి, నేలమాళిగలోని హీరోయిన్ కోసం వెతికింది. నేలమాళిగ ఉంది గాని అందులో స్ప్రింగులున్నాయి. మొదటి పేజీకి తిప్పి చూస్తే, 'ప్రయాణికుల లిఫ్టు: నిర్వహణ, మరమ్మతు' అని ఉంది.

ఆ రోజు భర్త ఈ భవనంలోనే ఉన్నాడు. లిఫ్టు తనిఖీ చేస్తూ పైన మెషిన్ రూమ్‌లో కూర్చున్నాడు. వెంటనే ఫోన్ చేసింది.

"ఏవండీ, మీ సంచిలోకి నా పుస్తకం వచ్చినట్టుంది. మీది నా దగ్గరుంది."

"అలాగా? ఆగు చూస్తా... ఆఁ, ఉంది. అట్టలు ఒకేలా ఉన్నాయి కదా, చూసుకోలేదు."

"తెరవకండి."

"ఏం? తెరిస్తే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. మందుల గోల, మీకర్థం కాదు. నేనే పైకొచ్చి మార్చుకుంటా. తెరవకండి, అంతే."

ఫోన్ పెట్టేశాక గాని తను చేసిన పొరపాటేమిటో తెలియలేదు. తెరవొద్దన్న వస్తువును తెరవకుండా ఉండటం ఆ మనిషి పుట్టుకలోనే లేదు. పెళ్లైన కొత్తలో అత్తవారింటికొచ్చి, మామగారి గోడగడియారం విప్పి ముక్కలన్నీ దుప్పటి మీద పరిచాడు. "బాగానే నడుస్తోంది కదా బాబూ, ఎందుకు విప్పావ్?" అని మామగారు అడిగితే, "అదే మామయ్యగారూ, ఎందుకు బాగా నడుస్తోందో చూద్దామని" అన్నాడు.

పరుగెత్తి వెళ్లాలనుకుంది. కానీ సరిగ్గా అప్పుడే ఒక పెద్దాయన వచ్చి, తెల్లమాత్ర పొద్దునా పసుపుమాత్ర సాయంత్రమా, లేక పసుపుమాత్ర పొద్దునా తెల్లమాత్ర సాయంత్రమా అని మూడు రకాలుగా అడిగాడు. ఆయన్ను ఒప్పించి పంపేసరికి అరగంట పట్టింది. ఫోన్ బల్ల మీదే వదిలేసి, లిఫ్టు పుస్తకం చంకలో పెట్టుకుని బయల్దేరింది.

లిఫ్టు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. భవనం మేనేజరు, టై కట్టుకుని, తాళాల గుత్తి వేలికి తిప్పుతూ. నాలుగో అంతస్తు పళ్ల డాక్టరు, నిమిషానికోసారి గడియారం చూసుకుంటూ. ఆరో అంతస్తులో వ్యాయామ వైద్యం చేసే ఫిజియో, గుమ్మంలో పట్టనంత భుజాలతో. వెనకగా, ఛాతీకి ఆనించుకున్న అట్టపెట్టె మోసుకుంటూ ఒక నడివయసు కొరియర్ మనిషి.

"లిఫ్టు పని అయిపోయిందా?" అని ఆమె వాచ్‌మన్‌ని అడిగింది.

"ఇప్పుడే ఫోన్ చేసి అడిగా మేడమ్. జనాన్ని ఎక్కించమంటారా అంటే సారు 'ఊఁ' అన్నారు."

ఆ 'ఊఁ' ఆమెకు బాగా తెలుసు. దేనిలోనైనా తల దూర్చి ఉన్నప్పుడు, ఇంటికి నిప్పంటుకుందని చెప్పినా ఆయన నోట్లోంచి వచ్చే 'ఊఁ' అదే. అంటే తెరిచేశాడన్న మాట! ఇక ఆలోచించే తీరిక లేదు. ఏడంతస్తులు ఎక్కడానికి మోకాళ్లు ఒప్పుకోవు. నలుగురి వెంటా ఆమె కూడా లిఫ్టులోకి దూరింది.

మూడో అంతస్తు దాటింది. నాలుగో అంతస్తు రాలేదు. ఒక్క కుదుపు కుదిపి లిఫ్టు ఆగిపోయింది.

"ఎవరూ కంగారుపడొద్దు!" అంటూ మేనేజరు కంగారుగా బటన్లన్నీ ఒకేసారి నొక్కేశాడు.

"అక్కడ నా పేషెంటుకి సగం దవడ మొద్దుబారి ఉంది. కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్నాడు," అన్నాడు పళ్ల డాక్టరు. "టీ తాగొస్తానని చెప్పి వచ్చా."

"జరగండి, నేను తెరుస్తా," అని ఫిజియో ముందుకొచ్చి, తలుపు రెక్కల మధ్య వేళ్లు దూర్చి, బలంగా గుంజాడు. తలుపు కదల్లేదు. ఆయన నడుములోంచి మాత్రం చిన్న చప్పుడొచ్చింది. "అమ్మా!" అని అలాగే సగం వంగి గోడకు ఆనుకున్నాడు. రోజూ నడుములు సరిచేసే మనిషి నడుమే పట్టేసింది.

కొరియర్ ఆయన ఏమీ అనలేదు. పెట్టె కింద పెట్టి, మాత్రలమ్మ వైపు చూసి, కూర్చోమన్నట్టు చేత్తో చూపించాడు. మోకాళ్ల నొప్పి ఎలా కనిపెట్టాడో గాని, ఆమె కూర్చుంది. పెట్టె మెత్తగా ఉంది. పక్కన అంటించిన కాగితం మీద 'పెద్దల డైపర్లు, మధ్యస్థ కొలత' అని రాసి ఉంది. అది చదివి మేనేజరు కాసేపు ఆలోచనలో పడ్డాడు.

సరిగ్గా అప్పుడే లిఫ్టు పైకప్పులోని స్పీకరు గరగరమంది.

"'ఇక నువ్వెక్కడికీ వెళ్లలేవు,'" అంది ఒక గొంతు. "'ఈ తలుపు నేను తెరిస్తేనే తెరుచుకుంటుంది.'"

లిఫ్టులో అందరూ కొయ్యబారిపోయారు. మాత్రలమ్మ అందరికంటే ఎక్కువగా. ఆ మాటలు ఆమె నిన్ననే చదివింది. ముఠా నాయకుడు నేలమాళిగ గుమ్మంలో నిలబడి అనే మాటలవి. ఆ గొంతూ ఆమె ఎరిగినదే. ఏ పుస్తకమైనా వేలు పెట్టి పైకి చదివితే గాని బుర్రకెక్కని మనిషి గొంతు. పైన మెషిన్ రూమ్‌లో లిఫ్టుతో మాట్లాడే బటన్ నొక్కుకుపోయి ఉండాలి. ఆయన మాట కిందికి వస్తోంది, వీళ్ల మాట పైకి వెళ్లడం లేదు.

"హలో! ఎవరది? ఏం కావాలి నీకు?" అని మేనేజరు కప్పు వైపు చూసి అరిచాడు.

"'మీ నలుగురిలో ఒకడు నమ్మకద్రోహి. వాడెవడో నాకు తెలుసు.'"

నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పళ్ల డాక్టరు మేనేజరుకు కాస్త దూరం జరిగాడు.

"'నీ ఊపిరి కూడా ఇక నా అనుమతితోనే.'" అనగానే, ఎప్పుడు ఆగాలా అని చూస్తున్న పాత ఫ్యాను ఠక్కున ఆగిపోయింది. ఫిజియో గట్టిగా కేకపెట్టాడు. "'ఈ కత్తి అంచు చూశావా...' ఛ, ఇలా పట్టుకుంటే వీడి వేలే తెగుతుంది. అబ్బో!"

"పిచ్చివాడు," అన్నాడు పళ్ల డాక్టరు. "ఒక మాట మీద నిలబడటం లేదు."

మేనేజరుకు ఇంకో ఆలోచన తట్టింది. "అమ్మా, పైన మెషిన్ రూమ్‌లో ఉన్నది మీ ఆయన కదూ? అయ్యో! ఆ దుండగుడు ఆయన్నేం చేశాడో! కట్టిపడేసి ఉంటాడు!"

మాత్రలమ్మకు నవ్వు తన్నుకొచ్చింది. రెండు చేతులతో ముఖం కప్పుకుని వంగిపోయింది. భుజాలు కదులుతున్నాయి.

"ఏడవకండమ్మా," అన్నాడు మేనేజరు. "ధైర్యంగా ఉండండి. పాపం, మీరు పై చదువు కూడా చదువుతున్నారని చెప్పాడు."

ఆ మాటతో నవ్వు ఎగిరిపోయింది. అది మా ఆయన గొంతేనండీ అని చెప్పొచ్చు. చెబితే, ఎందుకలా అంటున్నాడని అడుగుతారు. పుస్తకం చదువుతున్నాడని చెప్పాలి. ఏం పుస్తకమని అడుగుతారు. అక్కడికొచ్చి ఆమె నాలుక ఆగిపోయింది. ఇంతలో మేనేజరు ఫోన్ తీసి పోలీసులకు కొట్టాడు. సిగ్నల్ ఒక మాటకు వచ్చి ఒక మాటకు పోతోంది.

"హలో! ఏడంతస్తుల డాక్టర్ల భవనం లిఫ్టులో ఇరుక్కున్నామండీ. ఒకావిడ, నలుగురు మగవాళ్లం. తలుపు మూసేసి ఎవడో బెదిరిస్తున్నాడు. బయటికి వెళ్లనివ్వనంటున్నాడు. హలో? హలో?"

ఫోన్ పూర్తిగా పోయింది. "పోలీసులు వస్తారు," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "ఇంకో మాట. ఎవడు మూసినా, లిఫ్టు ఆగింది మీ ఆయన చేతిలో ఉండగా. ఇవాళ్టితో ఆయన లిఫ్టు కాంట్రాక్టు రద్దు. ఏమీ అనుకోకండమ్మా."

ఆమె ఏమీ అనుకోకుండా ఎలా ఉంటుంది? ఈ భవనం పోతే ఆయన పనిలో సగం పోయినట్టే. చెప్పేద్దామని నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. ఎదురుగా నలుగురు మగవాళ్లు, మధ్యలో తను, తలుపులు మూసి ఉన్నాయి. పుస్తకంలో అయితే ఈపాటికి ఒకడు గోడకు చెయ్యి ఆనించి కళ్లలోకి చూస్తుండాలి. ఇక్కడ గోడకు ఆనుకున్నవాడు నడుం పట్టేసి మూలుగుతున్నాడు. పుస్తకంలో వాళ్లకు గంధం వాసన, వాన వాసన వస్తుంది. ఇక్కడ లవంగనూనె, నొప్పుల మందు, చెమట. చూస్తూ ఉంటే ఆమెకు భయం కంటే కుతూహలమే ఎక్కువైంది. రచయిత్రి ఎవరో ఒక్క గంట ఇలా ఇరుక్కుని ఉంటే ఆ పుస్తకం ఎలా రాసి ఉండేదో!

చాలాసేపటికి స్పీకరులో ఏదో తలుపు దడేల్మని తెరుచుకున్న చప్పుడు, ఆ తరవాత బటన్ టక్కుమన్న చప్పుడు వినిపించాయి. ఈసారి ఆడగొంతు.

"లోపలున్న నలుగురూ వినండి! నేను ఎస్సైని. భవనం అంతా మావాళ్లున్నారు. ఆవిడ మీద చెయ్యి పడిందో, మీ సంగతి చెప్తా!"

"మేమా?" అన్నాడు మేనేజరు. "మేడమ్, నేను మేనేజర్ని!"

"ముఠా నడిపేవాడెవడైనా మేనేజరనే చెప్పుకుంటాడు. ఒకావిడని నలుగురు మగవాళ్లు లిఫ్టులో పెట్టి తలుపు మూసి బెదిరిస్తున్నారని మాకు ఫోనొచ్చింది."

"ఆ ఫోన్ చేసింది నేనేనండీ!"

"చేసిన పని ఒప్పుకుంటున్నావన్న మాట. అమ్మా, మీరేం మాట్లాడొద్దు. ప్రమాదంలో ఉంటే ఒక్కసారి దగ్గండి చాలు."

ఫిజియో నడుముకు రాసుకుంటున్న మందు ఘాటు అప్పటికే మాత్రలమ్మ గొంతులో గరగరలాడుతోంది. ఆపుకోవాలని ఎంత ప్రయత్నిస్తే అంత గట్టిగా వచ్చింది. ఒకటి కాదు, వరసగా దగ్గింది.

"అర్థమైందమ్మా, ధైర్యంగా ఉండండి. ఒరేయ్, నలుగురూ చేతులు పైకెత్తండి!"

ఎవరూ చూడటం లేదని తెలిసి కూడా ముగ్గురు చేతులెత్తారు. "నావి లేవవు మేడమ్, నడుం పట్టింది," అన్నాడు ఫిజియో ఏడుపు గొంతుతో.

"అయ్యో, వీళ్లేం చెయ్యలేదండీ!" అంది మాత్రలమ్మ. "ఉత్త దగ్గే!"

"బెదిరించి చెప్పిస్తున్నారా?"

"లేదండీ. వీళ్లకసలు బెదిరించడమే రాదు."

"మరి తలుపు నేను తెరిస్తేనే తెరుచుకుంటుందని బెదిరించిందెవరు?" అని మేనేజరు అందుకున్నాడు. "పైనెక్కడో దుండగుడున్నాడు మేడమ్, చూడండి!"

"పైన నా పక్కనున్నది మెకానిక్కొక్కడే. చేతిలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు నేనొచ్చి తడితే గాని తలెత్తలేదు."

"అది నేనేనండి," అంది భర్త గొంతు, బిక్కచచ్చిపోయి. "చదువుకుంటున్నా. బటన్ నొక్కుకుపోయిందని తెలీదు."

"ఏదీ, ఇలా ఇవ్వు." పేజీలు తిరిగిన చప్పుడు. ఆ తరవాత చప్పుడు లేదు. మరీ ఎక్కువసేపు లేదు. "ఏంటయ్యా ఇది! ఎవరిదీ పుస్తకం?"

మాత్రలమ్మ కళ్లు మూసుకుంది.

"నాదేనండి," అన్నాడు ఆయన.

"నువ్వు చదువుతావా? ఒకమ్మాయి, నలుగురు రౌడీలు... నీకెందుకయ్యా ఇలాంటివి?"

"ఆసక్తిగా ఉంటుందండి. చాలా రోజుల్నుంచి చదువుతున్నా. నలుగురుంటే మంచిదే కదండీ. ఒకటి పాడైతే ఇంకో స్పేరుంటుంది."

ఊరంతా గొప్పలు చెప్పుకున్న మనిషి, ఇప్పుడు ఊరి ముందు తన పరువు తనే తీసుకుంటున్నాడు, అదీ ఎంత చేతకానట్టుగా! అట్టపెట్టె మీంచి లేచి నిలబడింది.

"అది ఆయనది కాదండీ. నాది. నేను చదువుతా. పై చదువూ లేదు, ఏమీ లేదు. ఇన్నాళ్లూ నేను చదివిందంతా ఇదే."

మొట్టమొదట నోరు విప్పింది పళ్ల డాక్టరు. "నలుగురూ ఒకే ఇంట్లో ఉంటారా?"

"అవునండీ. పెద్ద బంగళా."

"కొట్టుకోరూ?"

"మొదట్లో కొట్టుకుంటారు. తరవాత సర్దుకుంటారు."

"ఎవరు వండుతారు?" అన్నాడు ఫిజియో, నొప్పి మరిచిపోయి.

"ఎవరూ వండరు. ఆ పుస్తకాల్లో ఎవరికీ ఆకలెయ్యదు. బట్టలు చిరుగుతాయి గాని ఉతకరు. నలుగురికీ ఒక్క అమ్మ కూడా ఉండదు, ఒక్క చెల్లెలు కూడా రాదు."

పైనుంచి ఎస్సై గొంతు దిగింది. "ఎత్తుకెళ్లారు కదా, ఏ అధ్యాయంలో అరెస్టు చేస్తారు?"

"చెయ్యరండీ. ఆ అమ్మాయి వాళ్లను ప్రేమిస్తుంది."

"పోలీసులే రారా?"

"వస్తారండీ." మాత్రలమ్మ కాస్త నసిగింది. "వాళ్లూ ఆ ముఠా మనుషులే."

"అయితే అంత అన్యాయమని తెలిసి మీరెలా చదువుతారమ్మా?" అని మేనేజరు అడిగాడు. వెక్కిరింతగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

ఇన్నాళ్లూ తనను తాను అడుగుతున్న ప్రశ్న ఇంకొకరి నోట విని ఆమె ఆలోచనలో పడింది. "ఆ కట్టేయడాలూ ఏడిపించడాలూ వచ్చినప్పుడు నేను గబగబా పేజీలు తిప్పేస్తానండీ. ఎత్తుకెళ్లినవాడు మంచివాడైపోయాడంటే నేను నమ్మను. ఆ సంగతి రాసినావిడకి తెలీదో, తెలిసీ రాసిందో, అదీ తెలీదు. కానీ ఒకటుంది. పొద్దున్నుంచీ షాపులో అందరూ నన్ను తొందర పెట్టేవాళ్లే. ఇంటికెళితే తువ్వాలేదీ, తాళాలేవీ అని నన్నే అడుగుతారు. ఆ పుస్తకంలో నలుగురు మనుషులు పనులన్నీ మానుకుని, ఈమె ఏమంటుందా అని ఈమె ముఖమే చూస్తూ కూర్చుంటారు. అది చదువుతుంటే ఎక్కడో ఒళ్లు తేలికవుతుంది. అంతకంటే నాకూ తెలీదు."

ఎవరూ నవ్వలేదు. కొరియర్ ఆయన మెల్లగా తలూపాడు. పైనుంచి భర్త గొంతు మెత్తగా వినిపించింది.

"నాదొక్క సందేహం. నలుగురూ ఆ అమ్మాయీ ఉన్నారు కదా, ఆ బంగళాలో బాత్రూములెన్ని?"

"ఆ మాటెత్తకయ్యా!" అని మేనేజరు కాళ్లు మెలిపెట్టుకుంటూ అరిచాడు. "ముందు మమ్మల్ని దించు!"

అప్పుడు గాని, ఇంతమంది ఇంతసేపూ మాట్లాడుకుంటున్నారే గాని లిఫ్టు బాగుచేసేవాళ్లెవరూ లేరన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

"ఇక్కడ బోర్డు మీద నలభై నాలుగు అని పడుతోంది," అన్నాడు ఆయన. "దానర్థం ఆ పుస్తకంలో ఉంటుంది. నీ దగ్గరుంది కదా, చూసి చెప్పు."

మాత్రలమ్మ చంకలోని పుస్తకం తీసింది. మందుల చీటీ చదివినట్టు ఒక్కొక్క మాటా రెండుసార్లు చూసుకుని చదివింది. "నలభై నాలుగు. ఏదో ఒక అంతస్తులో బయటి తలుపు పూర్తిగా మూసుకోలేదని అర్థం. అంతస్తు అంతస్తుకూ వెళ్లి, అడ్డుపడినదాన్ని తీయవలెను."

ఆయన మెట్లు దిగుతూ ఒక్కో తలుపూ చూసుకుంటూ వచ్చాడు. ఎస్సై వెనకే దిగింది. ఐదో అంతస్తులో దొరికింది. 'లిఫ్టు పనిచేయదు' అన్న బోర్డును వాచ్‌మన్ అక్కడ తగిలించాడు. ఎవరో దాన్ని ఎత్తి వెనకేముందో చూసి వదిలేశారు. దాని తాడు తలుపు సందులో ఇరుక్కుని తలుపును వెంట్రుకవాసి తెరిచి ఉంచింది. లిఫ్టు పనిచేయదని చెప్పే బోర్డు తన మాట తనే నిజం చేసుకుంది.

తాడు లాగగానే లిఫ్టు బుద్ధిగా నాలుగో అంతస్తుకు వెళ్లి తలుపు తెరిచింది. బయట జనం. అందరికంటే ముందు పళ్ల డాక్టరు పేషెంటు నిలబడి, సగం నోటితో ఏదో తిట్టాడు గాని ఎవరికీ అర్థం కాలేదు. మేనేజరు అటూ ఇటూ చూడకుండా, టై భుజం మీదికి ఎగురుతుండగా, నడవా చివరికి పరుగెత్తాడు. ఫిజియోను ఇద్దరు కానిస్టేబుళ్లు చెరో పక్కా పట్టుకుని నడిపించారు. చూసినవాళ్లు అరెస్టు చేశారనుకున్నారు.

మేనేజరు ముఖం కడుక్కుని తిరిగొచ్చేసరికి ఎస్సై బోర్డు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. "ఏడంతస్తులకి ఒకటే బోర్డేంటండీ?"

"అంతస్తుకొకటి కావాలని నేనడిగానండి," అన్నాడు మెకానిక్కు. "ఒకటి చాలన్నారు."

"ఎవరు?"

మేనేజరు టై సర్దుకున్నాడు. ఆ తరవాత కాంట్రాక్టు రద్దు మాట ఎవరూ ఎత్తలేదు. బోర్డులు మర్నాటికల్లా చేయిస్తానని చెప్పి, ఆయన మెట్ల మీదుగానే కిందికి వెళ్లాడు.

మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ పైన మెషిన్ రూమ్ నీడలో భోజనం డబ్బాలు విప్పుకున్నారు. ఆయన ఎస్సై దగ్గర అడిగి తెచ్చుకున్న పుస్తకాన్ని తన చొక్కాకు తుడిచి, ఆమె ఒళ్లో పెట్టాడు.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"నవ్వుతారని."

"నవ్వానా?"

"అబ్బో అన్నారు. కిందికి వినిపించింది."

"బాగుందని అన్నా." అన్నం కలపడం మొదలుపెట్టాడు. "నేనూ వాళ్లలా గోడకి చెయ్యి ఆనించి నిలబడితే బాగుంటుందా?"

"వద్దు. మీ చేతికి గ్రీజుంటుంది. గోడ పాడవుతుంది." అని ఆమె నవ్వింది. "తువ్వాలు ఎక్కడుందో మీరే చూసుకుంటే చాలు."

"చూసుకుంటా," అన్నాడు ఆయన, ప్రమాణం చేసినంత గట్టిగా. ఆమె తన డబ్బాలోని కూర సగం ఆయన డబ్బాలోకి తోసింది. ఇన్నాళ్ల అబద్ధం గుండె మీంచి దిగినందుకు ఆకలి కూడా బాగా వేసింది. నలుగురు హీరోల్ని ఒక పక్కా, తనకోసం ఎస్సై ముందు 'నాదేనండి' అన్న ఈ ఒక్కణ్నీ ఒక పక్కా పెట్టి చూసుకుంటే, ఇటే మొగ్గు కనిపించింది.

"కానీ పాపం, ఆ మాట్లాడనివాడు," అన్నాడు ఆయన ముద్ద నోట్లో పెట్టుకుంటూ. "అంత మంచివాణ్ని చంపేస్తారని అనుకోలేదు."

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "చంపేస్తారా?"

"నువ్వు అక్కడిదాకా రాలేదా? నేను చివరి పేజీల్తోనే మొదలుపెట్టా. మా లిఫ్టు పుస్తకాల్లో ముఖ్యమైనదంతా చివరే ఉంటుంది. చంపింది ఆ లైసెన్సు పోయిన డాక్టరు. నమ్మకద్రోహి వాడే."

మాత్రలమ్మ తోసిన కూరను మళ్లీ తన డబ్బాలోకి తోసుకుని మూత పెట్టింది. ఆ పుస్తకంలోని నలుగురు దుర్మార్గులూ ఎత్తుకెళ్లారు, కట్టిపడేశారు, కత్తి చూపించారు. ఇంత పని మాత్రం ఒక్కడూ చెయ్యలేదు.